ఓఎస్ మళ్లీ వేశాక కనిపించని ఎల్వీఎం డేటా: ముందు ఇమేజ్ తీయాలా, నేరుగా రిస్టోర్ చేయొచ్చా?

ఎనుమాముల:
మార్కెట్ పక్కన మా అడ్తి దుకాణం సర్వర్ మొన్న బూట్ కాలేదు. తెలిసిన అబ్బాయి వచ్చి చిన్న ఎస్ఎస్‌డీ మీద ఆల్మాలైనక్స్ 9 ఓఎస్ కొత్తగా వేసి వెళ్లాడు. లెక్కలన్నీ ఇంకో 2 టీబీ హార్డ్‌డిస్క్‌లో, ఎల్వీఎం (డిస్క్ జాగాను వాల్యూమ్‌లుగా పంచే లైనక్స్ ఏర్పాటు) మీద ఉన్నాయి. డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కేలో డిస్క్ కనిపిస్తోంది గానీ, ఎల్వీఎం డిస్కులు చూపే పీవీఎస్ కొడితే దాని ఊసే లేదు. మిర్చి సీజన్ తక్‌పట్టీలన్నీ అందులోనే. నాన్న పొద్దున్నుంచి అన్నం ముట్టలేదు. ఏం చేయాలన్నా?

హన్మకొండ:
టెన్షన్ పడకు తమ్మీ. ఏ వాల్యూమ్ ఎక్కడుందో ఎల్వీఎం డిస్క్ మొదటి 1 ఎంబీలోనే మామూలు టెక్స్ట్‌గా రాసుకుంటుంది. ఈటీసీ ఫోల్డర్‌లోని బ్యాకప్ పాత ఓఎస్‌తో పోయినా ఇది ఉంటుంది. ఆ 1 ఎంబీని డీడీ కమాండ్‌తో కాపీ తీసి, టెక్స్ట్ చూపే స్ట్రింగ్స్‌తో చదివి ఫైల్ చేసుకో. పాత యూయూఐడీ (డిస్క్ గుర్తింపు నంబర్)తోనే పీవీక్రియేట్ కొట్టి డిస్క్‌కు ఎల్వీఎం గుర్తు వేయి, ఆ తర్వాత వీజీసీఎఫ్‌జీరిస్టోర్‌తో ఆ ఫైల్‌లోని వివరాలు తిరిగి రాయి. పది నిమిషాల పని.

కాజీపేట:
ఆగు తమ్మీ, డిస్క్ మీద ఏదీ రాయకు. ముందు వేరే డిస్క్ మీదికి డీడీరెస్క్యూతో మొత్తం ఇమేజ్, అంటే డిస్క్ అచ్చు కాపీ, తీయి. ఆ 1 ఎంబీలో ఆ వివరాల పాత కాపీలు కూడా మిగిలి ఉంటాయి. ఒక ప్రెస్‌లో అలాంటి పాత కాపీతోనే రిస్టోర్ చేసి, పైన ఫైల్‌సిస్టమ్ తప్పులు సరిచేసే ఎఫ్ఎస్‌సీకే నడిపారు. నేను వెళ్లేసరికి పెళ్లిపత్రికల డిజైన్లన్నీ లాస్ట్‌ఫౌండ్ ఫోల్డర్‌లో, పేర్లు పోయి ఉత్త నంబర్లుగా పడి ఉన్నాయి. ఆ ఓనర్ ముఖం ఇప్పటికీ మర్చిపోలేను.

హన్మకొండ:
అది ఎఫ్ఎస్‌సీకే చేసిన నష్టం అన్నా, రిస్టోర్‌ది కాదు. రిస్టోర్ వాల్యూమ్‌ల వివరాలుండే మెటాడేటానే తాకుతుంది. 2 టీబీ ఇమేజ్ అంటే నాలుగైదు గంటలు, పైగా కొత్త డిస్క్ ఖర్చు. రైతులు పట్టీల కోసం నిలబడి ఉంటే దుకాణం ఎలా ఆపుతారు? ఆ 1 ఎంబీ దాచుకుని, రీడ్‌ఓన్లీగా, అంటే చదవడానికి మాత్రమే, మౌంట్ చేస్తే చాలు.

కాజీపేట:
రీడ్‌ఓన్లీ అన్నా సరే, ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ పెండింగ్ జర్నల్ (పూర్తికాని మార్పుల చిట్టా) ఉంటే దాన్ని డిస్క్ మీద రాసేస్తుంది. అలా రాయకుండా నోలోడ్ ఆప్షన్ ఇవ్వాలి, ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ అయితే నోరికవరీ. ఇది చాలామందికి తెలియదు, అందుకే ఇమేజ్ అంటున్నా. అన్నిటికంటే ముందు ఇంకోటి చూడు తమ్మీ. ఆల్మాలైనక్స్ 9లో సిస్టమ్ డాట్ డివైసెస్ ఫైల్‌లో పేరున్న డిస్కులనే ఎల్వీఎం పట్టించుకుంటుంది. ఇన్‌స్టాల్‌లో వాడని డిస్క్ అందులో ఉండదు. డివైసెస్‌ఫైల్ ఆప్షన్ ఖాళీగా ఇచ్చి, వాల్యూమ్ గ్రూపులు చూపే వీజీఎస్ కొట్టు.

ఎనుమాముల:
వచ్చిందన్నా! పాత వాల్యూమ్ గ్రూప్ పేరు అలాగే ఉంది. రిస్టోర్ అవసరమే పడలేదు. అయినా డిస్క్‌ను ఆ ఫైల్‌లో చేర్చే వీజీఇంపోర్ట్‌డివైసెస్ ఇంకా కొట్టలేదు. హన్మకొండలో 4 టీబీ డిస్క్ కొనుక్కొచ్చి ఇమేజ్ పెట్టాను. ఈ రాత్రికి పట్టీలు చేత్తోనే రాస్తున్నాం.