సర్వీస్ ఛార్జ్ తీసేయమంటే సర్వర్ కడుపు కొట్టినట్టేనా?

బిల్లు చదివేవాడు:
మొన్న మాదాపూర్‌లో ఒక రెస్టారెంట్‌కి ఆరుగురం వెళ్లాం. బిల్లులో 10% సర్వీస్ ఛార్జ్ వేసి, దాని కింద జీఎస్టీ వేశారు. తీసేయమని అడిగితే మా బావ నన్నే తిట్టాడు, "అది ఆ కుర్రాళ్లకి పోయే డబ్బు, దానికి కూడా కక్కుర్తేనా" అని. అడగడం తప్పా? అసలు ఆ డబ్బు ఎవరికి పోతుంది?

పాత కెప్టెన్:
నేను హోటల్ లైన్‌లోనే పనిచేశాను కాబట్టి చెప్తున్నా. జీఎస్టీ ప్రభుత్వానిది, మామూలు రెస్టారెంట్‌లో 5%, అందులో బేరం లేదు. సర్వీస్ ఛార్జ్ మాత్రం ప్రభుత్వానిది కాదు, టిప్పు కూడా కాదు, అది ఓనర్ ఖాతాలో పడే డబ్బు. అందులోంచి స్టాఫ్‌కి పంచేవాళ్లు ఉన్నారు, పైసా ఇవ్వనివాళ్లూ ఉన్నారు, బిల్లు చూసి మీరు కనిపెట్టలేరు. పైగా దాని మీద కూడా జీఎస్టీ పడుతుంది, అంటే ఆ 10% మీకు పదిన్నర అవుతుంది. దీన్ని బిల్లులో దానంతటదే కలపకూడదని సీసీపీఏ, అంటే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, 2022 జూలైలో చెప్పింది, హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్లి స్టే తెచ్చుకున్నాయి, చివరికి 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు సీసీపీఏ మాటే ఖాయం చేసింది. దాని మీద సంఘాలు అప్పీలుకి కూడా వెళ్లాయి, అది వేరే సంగతి. మీరు అడగడంలో తప్పేం లేదు.

కౌంటర్ వెనక:
చెప్పడం తేలికే. ఆ 5% స్కీమ్‌లో మాకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే మేం కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని మేం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోలేం, అద్దె మీద కట్టే జీఎస్టీ మా నెత్తినే. డెలివరీ యాప్‌ల కమీషన్ గురించి చెప్పనే అక్కర్లేదు. ఎక్కడి నుంచి తేవాలి?

పాత కెప్టెన్:
మెనూలో రేటు పెంచండి సార్, మీ వంటకానికి మీ ఇష్టం వచ్చిన ధర పెట్టుకోవద్దని ఎవరూ అనలేదు. 300 అని రాసి 330 వసూలు చేయడమే గొడవ.

సాలన్ ప్రియుడు:
ముందు నీళ్ల బాటిల్ సంగతి తేల్చండి. 20 రూపాయల బాటిల్‌కి 60 వేస్తున్నారు, ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకోవడం నేరం కాదా?

పాత కెప్టెన్:
కిరాణా కొట్లో నేరమే. టేబుల్ వేసి వడ్డించే చోట కాదు, 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. మంది ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే, బాటిల్ గురించి గంటసేపు పోట్లాడి సర్వీస్ ఛార్జ్ చూడకుండా కట్టేస్తారు. కూర్చోగానే "మినరలా, రెగ్యులరా సార్" అని అడుగుతూనే స్టీవర్డ్ చెయ్యి బాటిల్ మూత మీద ఉంటుంది చూడండి, రెగ్యులర్ అంటే పక్క టేబుల్‌వాళ్లు ఏమనుకుంటారో అని మనం మొహమాటపడతాం. మొహమాటం వదిలేసి రెగ్యులర్ అడగండి. ఇంకోటి, చిన్న టిఫిన్ సెంటర్ కాంపోజిషన్ స్కీమ్‌లో, అంటే చిన్న వ్యాపారాలు మొత్తం అమ్మకాల మీద ఒకే రేటున తమ జేబులోంచి పన్ను కట్టే పద్ధతిలో ఉంటే మీ దగ్గర విడిగా జీఎస్టీ వసూలు చేయకూడదు, ఆ స్కీమ్ సంగతి బిల్లు మీదే రాసి ఉండాలి. అది ఎవరూ చూడరు.

సాలన్ ప్రియుడు:
సరే, మరి మా తర్వాత వచ్చినవాళ్లకి ముందు వడ్డిస్తే? అది కూడా కోర్టే చెప్పిందా 😄

పాత కెప్టెన్:
వాళ్లు దమ్ బిర్యానీ చెప్పి ఉంటారు, హండీలో రెడీగా ఉంటుంది, పక్క నుంచి గరిటె పెట్టి తీసి ప్లేట్లో వేయడమే. మీరు తందూరీ చికెన్ చెప్పి సర్వర్ మీద అరిస్తే అతనేం చేస్తాడు, ఆర్డర్ కిచెన్‌లోకి వెళ్లాక అతని చేతిలో ఏమీ ఉండదు.

బిల్లు చదివేవాడు:
అయితే టిప్పు ఇవ్వాలా వద్దా? మా బావకి ఏం చెప్పను?

పాత కెప్టెన్:
మీ ఇష్టం. ఇచ్చేదేదో నోటు రూపంలో ఇవ్వండి. బిల్లుతో కలిపి ఫోన్‌లో కొడితే అది కూడా ఓనర్ ఖాతాకే పోతుంది, వాళ్లకి ఎప్పుడిస్తాడో దేవుడికెరుక. నోటైతే చాలాచోట్ల కౌంటర్ దగ్గర డబ్బాలో వేసి రాత్రికి పంచుకుంటారు, గిన్నెలు కడిగే అతనికి కూడా అందులో వాటా ఉంటుంది. సర్వీస్ ఛార్జ్ తీసేయమనేది మాత్రం మేనేజర్‌నే అడగండి, ప్రింటయిన బిల్లు మార్చడం సర్వర్ వల్ల కాదు. మేనేజర్ ఒప్పుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, బిల్లు మాత్రం పారేయకండి.