పోటీ దుకాణాల ప్రేమకథలో ఆమె దుకాణమే ఎందుకు మూతపడాలి?

ప్రశ్న — వెన్నెల పాఠకురాలు

పారిస్ నేపథ్యంగా సాగే ఒక ప్రణయ నవలను ఈ మధ్యనే పూర్తి చేశాను. ఒకే వీధిలో ఎదురెదురుగా దుకాణాలున్న ఇద్దరు మిఠాయి తయారీదారుల కథ అది. ఆమె తాతల నాటి చిన్న దుకాణంలో మాకరోన్లు, అంటే రెండు బాదం పెంకుల మధ్య తీపి ముద్ద పెట్టిన మిఠాయిలు, చేస్తుంది. అతడు కొత్తగా వచ్చి, అద్దాల వెనుక నగల్లా చాకొలెట్లు పేర్చి, ఆమె దగ్గరికి ఏళ్ల తరబడి వస్తున్నవారిని తన వైపు తిప్పుకుంటాడు. ఒకరి పనితనాన్ని మరొకరు రుచి చూసి, పైకి ఒప్పుకోలేక, లోపల ఒప్పుకోకుండా ఉండలేక ఇద్దరూ పడే తపనను రచయిత్రి ఎంతో శ్రద్ధగా రాశారు. పెళ్లి నిశ్చయం కాగానే ఆమె తన దుకాణానికి తాళం వేసి, అతడి వంటగదిలో ఒక బల్ల దగ్గర చేరిపోవడాన్ని మాత్రం సుఖాంతంగా నేను స్వీకరించలేకపోతున్నాను. అతడు ప్రేమించింది తనకు సమానంగా నిలిచిన మనిషిని కదా? మీకేమనిపించింది?

సమాధానం — గోదావరి చదువరి

ముగింపు నాకు సబబుగానే తోచిందండీ. తెల్లవారకముందే లేవడం, అద్దె బాకీలు, సాయం చేసే మనిషి లేకపోవడం గురించి మొదటి అధ్యాయం నుంచే చెబుతూ వచ్చారు. ఆమె వదులుకున్నది లెక్కల పుస్తకాన్నే గాని విద్యను కాదని నా అభిప్రాయం.

సమాధానం — లియోన్ తెలుగువాడు

నేను ఫ్రాన్స్‌లో పేస్ట్రీ పని నేర్చుకొని, ఇక్కడే ఒక దుకాణంలో చేస్తున్నాను కాబట్టి, ముగింపు కంటే ముందు నన్ను ఇబ్బంది పెట్టిన ఒక ఘట్టం గురించి చెబుతాను. ఆమె అప్పుడే గనాష్ (చాకొలెట్, క్రీమ్ కలిపిన ముద్ద) నింపిన మాకరోన్‌ను అతడికి అందిస్తుంది. అతడు ఒక్క ముక్కతో మనసు పారేసుకుంటాడు. పనిమీద గౌరవం ఉన్నవారెవరూ అలా ఇవ్వరు. బాదం పొడి, చక్కెర, తెల్లసొనలతో చేసిన ఆ పెంకు పొయ్యిలోంచి వచ్చాక కాస్త గట్టిగానే ఉంటుంది. నింపిన తరువాత దాదాపు ఒక రోజు చల్లటి చోట ఉంచితేనే గనాష్‌లోని తేమ పెంకులోకి దిగి, పైన పలుచగా చిట్లుతూ లోపల మెత్తగా మారుతుంది. రచయిత్రి ఈ సంగతిని వాడుకొని ఉంటే, ‘రేపు రండి’ అని ఆమె అతడిని పంపించేసే ఘట్టం, ఆ తరువాత ఇద్దరూ ఎదురుచూసే ఒక రాత్రి నవలకు దక్కేవి.

ఇక పోటీ విషయానికి వస్తే, వాస్తవంలోనే ఇటువంటి ఉదాహరణ ఉంది. 1961లో ఫ్రాన్స్‌లోని కొల్మార్‌లో పుట్టిన పేస్ట్రీ నిపుణుడు పియర్ ఎర్మే, పద్నాలుగేళ్ల వయసులో అదే వృత్తిలో పేరుపొందిన గాస్టన్ లెనోత్ర్ దగ్గర పనిలో చేరి, 1990ల చివర్లో మాకరోన్లకు పేరుపొందిన లాద్యురే సంస్థకు పనిచేశారు. 1862లో మొదలైన సంస్థ అది. అక్కడి నుంచి బయటికి వచ్చాక ఆయన 2001లో పారిస్‌లోని బొనపార్త్ వీధిలో సొంత దుకాణం తెరిచారు. అదే వీధిలో లాద్యురే దుకాణమూ నడిచింది. గులాబీ, లిచీ, రాస్ప్‌బెర్రీ కలిపి ఆయన రూపొందించిన ‘ఇస్పహాన్’ అనే మిఠాయిని రెండు సంస్థలూ అమ్మకానికి పెట్టాయి. ఒకరు మూతపడితేనే మరొకరు నిలబడాలన్న నియమం ఆ వీధిలో లేదు. ఇద్దరు గట్టి తయారీదారులు ఒకచోట ఉంటే, రెండింటినీ రుచి చూసి వాదించుకోవడానికే జనం వస్తారు. అందువల్ల మీ అభ్యంతరం వృత్తిపరంగా కూడా న్యాయమైనదే.

సమాధానం — పుస్తకాల అరుణ

పైవారి మాటకు కొనసాగింపుగా రెండు విషయాలు. ఆమె తయారీ విధానాలు రాసుకున్న పుస్తకం దొంగతనం చుట్టూ నవల మధ్యభాగమంతా తిరుగుతుంది గాని, ఫ్రాన్స్‌లో తయారీ విధానానికి రచనకు ఉండే కాపీహక్కు వర్తించదు. దాన్ని గుట్టుగా కాపాడుకోవడమే దారి. పైగా పుస్తకం చేజిక్కినంత మాత్రాన పనితనం రాదు. నల్ల చాకొలెట్‌ను 45 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ దాకా కరిగించి, 27, 28 డిగ్రీలకు చల్లార్చి, మళ్లీ 31, 32 డిగ్రీలకు తెస్తేనే మెరుపు, విరుపు వస్తాయని ఎవరైనా రాసుకోవచ్చు. చలువరాతి మీద అది చిక్కబడే క్షణాన్ని పట్టుకోవడం మాత్రం చేతికి అలవడాలి.

రెండోది, దేశంలోని అత్యుత్తమ పనివారికి పోటీ పెట్టి ఇచ్చే మూడు రంగుల కాలర్‌ను రచయిత్రి అతడికే ఇచ్చి, ఆమెకు వారసత్వాన్ని మాత్రమే మిగిల్చారు. పారిస్‌లో పనిచేసిన జెస్సికా ప్రేయల్‌పాటో 2019లో ప్రపంచ ఉత్తమ పేస్ట్రీ షెఫ్‌గా ఎంపికయ్యారు. కాబట్టి నాయికకు సొంత గుర్తింపు ఇచ్చి ఉంటే అది అతిశయోక్తి అయ్యేది కాదు. అది ఇవ్వకపోవడం వల్లనే చివర్లో దుకాణం వదులుకోవడం అంత సులువుగా జరిగిపోయింది.

వెన్నెల పాఠకురాలు

అందరికీ ధన్యవాదాలు. గోదావరి చదువరి గారూ, ఆమె అలసటను నేను కాదనడం లేదు; ఆ అలసటకు విరుగుడుగా ఒక సహాయకుడిని పెట్టుకొనే ఆలోచన ఆ నవలలో ఎవరికీ రాకపోవడమే నా బాధ. జనవరి 6న వచ్చే క్రైస్తవుల ఎపిఫనీ పండుగకు గాలెత్‌లు (బాదం క్రీమ్ నింపిన గుండ్రటి పేస్ట్రీలు) చేస్తుండగా అతడి దగ్గర బాదం క్రీమ్ అయిపోతే, ఆమె తన గిన్నె తీసుకొని వీధి దాటి వెళ్లే అధ్యాయం గుర్తుందా? ఆ ఉదయం రెండు దుకాణాల ముందూ జనం బారులు తీరి ఉన్నారు. నవల అక్కడే ముగిసి ఉంటే నాకు ఏ ఫిర్యాదూ ఉండేది కాదు.