పిల్లలకు తెలుగు చెప్పే మాస్టారికి కూడా పోలీస్ వెరిఫికేషనా?

వైట్‌ఫీల్డ్ అమ్మ: మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ప్రతి ఆదివారం పిల్లలకు తెలుగు క్లాసు జరుగుతుంది. చెప్పేది అనంతపురం వైపు హైస్కూల్లో పనిచేసి రిటైరై, ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్న మాస్టారు, పైసా తీసుకోరు. ఇప్పుడు అసోసియేషన్ వాళ్ళు పోలీస్ వెరిఫికేషన్ సర్టిఫికెట్, తెలిసినవాళ్ళ దగ్గర్నుంచి రెండు లెటర్లు తెస్తేనే హాలు ఇస్తామంటున్నారు. ఆయన ఆధార్‌లో ఊరి అడ్రస్, రెంట్ అగ్రిమెంటేమో కొడుకు పేరున, కర్ణాటక ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ సేవా సింధులో అప్లై చేద్దామని కూర్చుంటే అడ్రస్ ప్రూఫ్ దగ్గరే ఆగిపోయాం. "ఈ వయసులో స్టేషన్‌కు వెళ్ళాలా అమ్మా" అన్నారు, నాకేం చెప్పాలో తోచలేదు. నాకూ కూతురుంది, భద్రత వద్దనను. కానీ ఇది మరీ ఎక్కువ కాదా?

కేఆర్ పురం రెడ్డి: ఎక్కువేం కాదండీ. 2014లో ఇదే బెంగళూరులో, స్కూల్లోనే ఆరేళ్ళ పాపకు జరిగిన ఘోరానికి తల్లిదండ్రులంతా రోడ్డెక్కారు, ఆ తర్వాతే స్కూళ్ళలో సీసీ కెమెరాలు, సిబ్బంది తనిఖీ అంటూ పోలీసులు గట్టిగా పట్టుకున్నారు. మంచాయన అని మనకు తెలుసు, రేపు ఇంకొకరు వస్తే? మనిషిని చూసి రూల్ మారిస్తే అది రూలే కాదు.

లా చదివినవాణ్ణి: పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద వచ్చిన 2020 రూల్స్‌లో 3వ రూల్ చూడండి. స్కూళ్ళు, క్రెష్‌లు, స్పోర్ట్స్ అకాడమీల వంటి, పిల్లలతో క్రమం తప్పకుండా పని ఉండే సంస్థలు తమ సిబ్బందికి ఎప్పటికప్పుడు పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి. అందులో ఉన్నది ఉద్యోగుల మాట, ఊరికే వచ్చి చెప్పేవాళ్ళ గురించి విడిగా లేదు, కాబట్టి మీవాళ్ళు చట్టాన్ని చూపించి భయపెట్టక్కర్లేదు. అయితే అదే చట్టం 19వ సెక్షన్ అందరికీ వర్తిస్తుంది, పిల్లల మీద అఘాయిత్యం జరిగిందని తెలిస్తే ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి, దాచిపెడితే జైలో, జరిమానానో, రెండూనో. మీ అసోసియేషన్‌లో ఇది ఎంతమందికి తెలుసో ముందు అడగండి.

మారతహళ్ళి అక్క: నేను ఇంగ్లండులో కొన్నాళ్ళు స్కూల్లో పనిచేశాను, అక్కడ పాత నేరాల రికార్డు చెక్ చేయనిదే పిల్లల దగ్గరికి రానివ్వరు. 2002లో సోహమ్ అనే ఊళ్ళో ఇద్దరు ఆడపిల్లల్ని చంపినవాడు ఒక హైస్కూల్ కేర్‌టేకర్. వాడి మీద అంతకుముందే వేరే చోట పోలీసులకు ఫిర్యాదులు వెళ్ళాయి, కానీ శిక్ష పడలేదు, ఆ సంగతి స్కూలుకు చేరనేలేదు. దాని తర్వాత రూల్స్ ఎంత పెరిగాయంటే, 2012లో చట్టం తెచ్చి మళ్ళీ కొంత తగ్గించాల్సి వచ్చింది. సర్టిఫికెట్ చెప్పేది రికార్డుకెక్కిన సంగతే కదా, ఎక్కనిదాని మాటేమిటి? పైగా పిల్లలకు కీడు చేసేవాళ్ళలో ఎక్కువమంది తెలిసినవాళ్ళే, మీ తెలిసినవాళ్ళ లెటర్లు దేనికి పనికొస్తాయి? తలుపు తెరిచి ఉంచండి, క్లాసులో వారానికొకరు తల్లో తండ్రో కూర్చోండి, పిల్ల "నేను వెళ్ళను" అంటే తిట్టకుండా ఎందుకో అడగండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ గోడ మీద రాయండి. ఇవన్నీ చేశాక కాగితం కూడా అడగండి, నేను కాదనను.

సర్జాపూర్ తమ్ముడు: అక్క చెప్పింది నిజం. ఇంకో మాట అడుగుతా, ఏమనుకోకండి. మీ వాచ్‌మన్‌కి, హౌస్‌కీపింగ్ ఆవిడకి వెరిఫికేషన్ అడిగినప్పుడు ఇది ఎక్కువని ఎవరైనా అన్నారా? అదే హాల్లో డబ్బులు తీసుకుని స్కేటింగ్, డాన్స్ నేర్పేవాళ్ళని అడిగారా? అడిగితే అందర్నీ అడగాలి. మాస్టారిని మాత్రం ఒంటరిగా స్టేషన్‌కు పంపకండి, కాగితం కావాలన్న సెక్రటరీనే బండెక్కించుకుని తీసుకెళ్ళమనండి.