రేడియో, టీవీ యాంకరింగ్‌లోకి దిగాలని ఉంది, అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి

మైకు పిచ్చి:
నాకు ఇరవై నాలుగేళ్లు. ఒంగోల్లో ఒక ఆఫీసులో అకౌంట్లు రాస్తున్నాను. కాలేజీలో ఏ ఫంక్షన్ జరిగినా మైకు నా చేతిలోనే ఉండేది, గొంతు బాగుంటుందని అందరూ అంటారు. ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్లకు ఆడిషన్ అని చూసి అప్లై చేసేశాను. ఇంట్లో మా నాన్న "అదీ ఒక ఉద్యోగమేనా" అని రోజూ అడుగుతున్నారు. ఉన్న పని మానేసి దీంట్లోకి రావచ్చా? ఎఫ్‌ఎం, టీవీ వాళ్లు కూడా ఉంటే చెప్పండి.

పాత కన్సోల్:
మానెయ్యకు తమ్ముడూ. క్యాజువల్ అంటే నెలకు ఆరు డ్యూటీలు, అంతే. డ్యూటీకి ఇంత అని ఇస్తారు, దాంతో ఇల్లు గడవదు. నేను పదకొండేళ్లు చేశాను, పగలు స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ చేశాను కాబట్టే అన్నేళ్లు నిలబడ్డాను.

ఇక ఆడిషన్ సంగతి. ముందు రాత పరీక్ష ఉంటుంది, తర్వాత మైకు ముందు కూర్చోబెడతారు. వార్త ఒకటి, నాటకం డైలాగు ఒకటి చదివిస్తారు, వాటిలో చాలామంది గట్టెక్కుతారు. కచేరీ ప్రకటన దగ్గరే పడిపోతారు. రాగం, తాళం, పక్క వాద్యాలు ఎవరెవరు వాయించారు, ఇదంతా తడుముకోకుండా చెప్పాలి. "ఖరహరప్రియ"లో ఖ పలక్కపోతే అవతల హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటున్న పెద్దాయన పెన్ను కిందపెట్టేస్తాడు. సంగీతం రాకపోయినా ఫరవాలేదు, పేర్లు నోటికి అలవాటు చేసుకో. శ, ష, స తేడా, ల, ళ తేడా, ఒత్తులు, వీటికి రోజూ ఒక అరగంట పెట్టు. పేపర్ పైకి చదువుతూ ఫోన్లో రికార్డు చేసుకుని విను, మొదటి వారం నీ గొంతు నీకే నచ్చదు.

ఇంకోటి. గొంతు కంటే చెవి, గడియారం ముఖ్యం. స్పూల్ టేపుల రోజుల్లో ఒక రాత్రి నేను కన్సోల్ మీద, అదే ప్రసారం నడిపే మీటల బల్ల మీద ఉన్నాను, ప్రసంగం టేపు పద్నాలుగు నిమిషాలని కాగితం మీద ఉంది, పదకొండుకే అయిపోయింది. పక్కన ఫిల్లర్, అంటే ఖాళీ వస్తే వేసే రికార్డు, పెట్టుకోలేదు. ఏం మాట్లాడాలో తెలియక ఫేడర్ (శబ్దం పెంచే, తగ్గించే మీట) మీద చెయ్యి పెట్టి అలాగే చూస్తుండిపోయాను, రేడియోలో అర నిమిషం నిశ్శబ్దం అంటే వినేవాడు సెట్టు చెడిపోయిందనుకుని నెత్తిన ఒకటి కొడతాడు. డ్యూటీ ఆఫీసర్ పరుగెత్తుకొచ్చి వీణ రికార్డు పెట్టించారు, ఆ తప్పు లాగ్ బుక్కులోకి ఎక్కింది. ఆ తర్వాత ఎప్పుడు డ్యూటీకి వెళ్లినా ముందు ఫిల్లర్ తీసి పెట్టుకున్నాకే కుర్చీలో కూర్చునేవాణ్ణి.

లింకు మాస్టర్:
ప్రైవేటు ఎఫ్‌ఎంలో ఆరేళ్లు చేశాను, మార్నింగ్ షో. ఏడింటికి షో అంటే నాలుగున్నరకి లేవాలి, ఎండాకాలం అయినా వాన అయినా అంతే. అందరూ అనుకునేది ఆర్జే తనకి నచ్చిన పాటలు వేసుకుంటాడని. కాదు. పాటల వరస ప్రోగ్రామింగ్ వాళ్లు ముందే సిస్టంలో పెట్టేస్తారు, మనకి మిగిలేది పాటకీ పాటకీ మధ్య లింకు, అందులోనే స్పాన్సర్ పేరు, ట్రాఫిక్, జోకు అన్నీ ఇరికించాలి. వార్తలు సొంతంగా చెప్పడానికి ప్రైవేటు ఎఫ్‌ఎంకి వీల్లేదు, కావాలంటే ఆకాశవాణి బులెటిన్ అలాగే వినిపించుకోవచ్చు. కాబట్టి ఊళ్లో ఏదైనా పెద్ద విషయం జరిగిన రోజు నోరు కట్టుకుని "జాగ్రత్తగా వెళ్లండి ఫ్రెండ్స్" అనడమే.

తర్వాత ఖర్చు తగ్గించాలని నాలుగు ఊళ్లకి ఒకే షో పెట్టారు, నా షో పోయింది. ఇప్పుడు యాడ్స్‌కి, డబ్బింగ్‌కి గొంతు ఇస్తున్నాను. ఒక ఆసుపత్రికి ఫోన్ చేస్తే "అపాయింట్‌మెంట్ కోసం ఒకటి నొక్కండి" అనేది నేనే. మా అమ్మకి అది వినిపిస్తే షో కంటే ఎక్కువ సంబరపడింది 😀

ప్రాంప్టర్ బాధితురాలు:
టీవీ వార్తలు అడిగారు కదా. ఎదురుగా ప్రాంప్టర్, అంటే చదవాల్సిన వార్త కనపడే తెర, పరుగెడుతూ ఉంటుంది, చెవిలో పీసీఆర్ (కార్యక్రమం నడిపే కంట్రోల్ రూమ్) నుంచి "ఆపు, బ్రేకింగ్ వచ్చింది, రిపోర్టర్ లైన్లో ఉన్నాడు" అని ఒకరు అరుస్తుంటారు, మొహంలో మాత్రం ఏమీ కనపడకూడదు. మొదటి నెలలో నాకు చెవిలో వినపడింది కూడా పైకి చదివేశాను ఒకసారి. నిజంగా. "కెమెరా టూ" అని కూడా అన్నాను లైవ్‌లో.

ఈ టెన్షన్‌లో ఉన్నప్పుడు శాంతిస్వరూప్ గారు గుర్తొచ్చేవారు. 1983 నవంబర్ 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివింది ఆయనే. అప్పటికి ప్రాంప్టర్ లేదు, చేతిలో కాగితాలే. స్క్రిప్టు ముందే బుర్రకెక్కించుకుని తలెత్తి మనవైపు చూసి చెప్పేవారు. 2011లో రిటైరయ్యారు, 2024 ఏప్రిల్‌లో పోయారు. ఒకే కుర్చీలో అన్నేళ్లు అనేది ఇప్పటి ఛానళ్లలో కల. మాది ఏడాది కాంట్రాక్టు. ముప్పై అయిదు దాటిన ఆడవాళ్లని మెల్లగా పొద్దున్న అయిదింటి బులెటిన్‌కి పంపేస్తారు, అదే వయసు మగాయన ప్రైమ్ టైంలో డిబేట్ చేస్తుంటాడు. ఈ మాట ఆఫీసులో ఎవరూ పైకి అనరు.

కరీంనగర్ బిడ్డ:
నేను మొదట ఒక ఛానల్‌కి పోయినప్పుడు "మీ యాస తగ్గించుకుని రండి" అని పంపిండ్రు. వీ6ల తీన్మార్ వార్తలు జనంల పడ్డంక అదే యాస కోసం మనుషుల్ని వెతుక్కున్నరు. నేను మాత్రం అప్పటికే గవర్నమెంట్ జాబ్ల జేరిన. మైకు పిచ్చి భాయ్, నీ ప్రకాశం జిల్లా మాట పూర్తిగా చంపుకోకు, ఎప్పుడు ఏది అక్కరకొస్తదో తెల్వదు.

స్టేజీ అక్క:
డబ్బు సంగతి ఎవరూ రాయలేదు. డబ్బు ఈవెంట్లలో ఉంది. సంగీత్‌లు, షాపు ఓపెనింగ్‌లు, ప్రీ రిలీజ్‌లు. టీవీలో మొహం కనపడితే ఇక్కడ రేటు పెరుగుతుంది, అందుకే చాలామంది తక్కువ జీతానికి టీవీలో ఉంటారు. సుమ గారిని చూడండి, మాతృభాష మలయాళం, తెలుగు నేర్చుకుని మాట్లాడి అందరికంటే పైనుంది. నేను ఆవిడ ఆడియో ఫంక్షన్లు పెట్టుకుని చూసేది జోకుల కోసం కాదు, చీఫ్ గెస్ట్ రాకపోతే ఆ గంట ఎలా లాగుతుందో చూడ్డానికి. నాకు ఒకసారి గంటా నలభై నిమిషాలు లాగాల్సొచ్చింది, చివరికి కేటరింగ్ అబ్బాయిని పిలిచి మెనూ చదివించాను, చప్పట్లు దానికే ఎక్కువ పడ్డాయి. అడ్వాన్సు సగం చేతిలో పడందే మైకు పట్టుకోవద్దు, మిగతా సగం కోసం నేను ఒకాయనకి ఇంకా ఫోన్లు చేస్తూనే ఉన్నాను.

ఆరింటికే లేస్తా:
నేను శ్రోతని మాత్రమే. యాంకర్లందరికీ ఒక్క విన్నపం, "విద్యార్ధి" కాదు, "విద్యార్థి".

పాత కన్సోల్:
☝️ ఈయనే ఆ హెడ్‌ఫోన్ పెద్దాయన అయ్యుంటాడు.

మైకు పిచ్చి:
ఆడిషన్ నిన్న అయింది. ఉద్యోగం మానలేదు, సెలవు పెట్టి వెళ్లాను. రాత పరీక్ష ఫరవాలేదు. మైకు దగ్గర కచేరీ ప్రకటనే ఇచ్చారు! రాగం పేరు సరిగ్గానే చెప్పాను, మృదంగం అన్నాను, ఘటం అన్నాను, ఆ తర్వాత వయొలిన్ విద్వాంసుడి పేరు దగ్గర ఊపిరి అయిపోయింది. గ్లాసు అవతల ఒకావిడ నవ్వి "మళ్లీ మొదటి నుంచి చదవండి" అన్నారు. రెండోసారి బాగా వచ్చింది. అలా రెండోసారి అడగడం మంచికా చెడ్డకా అన్నా?

పాత కన్సోల్:
నన్ను మూడుసార్లు చదివించారు.