యూరప్ ట్రిప్‌లో బస: హాస్టల్ బెడ్డా, బడ్జెట్ హోటల్ గదా? (ఒక ఆన్‌లైన్ చర్చ)

రెండోప్లాట్‌ఫాం:
"యూరప్‌లో తక్కువలో తిరగాలంటే హాస్టలే" అన్న సలహా ఎక్కడ చూసినా కనిపిస్తోంది. ఒంటరిగా బ్యాగు తగిలించుకుని తిరిగే కుర్రకారుకి అది సరే. భార్యాభర్తలకూ, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకూ ఆ సలహా పనికిరాదని నా వాదన. కాదనేవాళ్లు లెక్కతో రండి.

హాస్టల్‌లో ధర మంచానికి, హోటల్లో గదికి. తిరకాసంతా ఇక్కడే. పారిస్‌లో సీజన్లో డార్మ్ బెడ్ (పలువురు పంచుకునే గదిలో ఒక మంచం) 40 యూరోలు అనుకోండి. ఇద్దరికి 80. తువ్వాళ్ల అద్దె చెరో 4, బ్రేక్‌ఫస్ట్ చెరో 8. మొత్తం 104. లాకర్‌కి తాళం మనదే ఉండాలి, మర్చిపోతే కౌంటర్లో కొనాలి. అదే పారిస్ అంచుల్లో ఐబిస్ బడ్జెట్, బీ అండ్ బీ హోటల్స్ లాంటి చవక గొలుసు హోటళ్లలో కాస్త ముందుగా బుక్ చేస్తే ఇద్దరి గది 80–100కి చాలాసార్లు దొరుకుతుంది. బాత్రూమ్ లోపలే, తువ్వాళ్లు ఉచితం, తలుపుకి గడియ. ఎనిమిది మంది గురకల మధ్య పడుకోవడానికి ఎక్కువ డబ్బు కట్టడం ఎందుకు?

కందిపొడి:
లెక్కలో వంటిల్లు వదిలేశారు. అసలు ఖర్చు రాత్రి బసలో కాదు, రాత్రి భోజనంలో ఉంది. పారిస్‌లో మామూలు చోట కూర్చుని తింటే మనిషికి 15–20 యూరోలకు తక్కువ కాదు. లిడిల్, ఆల్డి లాంటి దుకాణాల్లో సరుకులు కొని వండుకుంటే ఇద్దరికీ కలిపి 8–10లో అయిపోతుంది. పూటకి 20 యూరోలు మిగిలినా పది రాత్రులకు 200. మీ తువ్వాళ్ల అద్దె ఏ మూలకి?

ఇంకోటి, ఆ అంచు హోటల్ నుంచి రోజూ ఊళ్లోకి టికెట్లు ఎవరిస్తారు?

ట్రామ్‌లైన్:
టికెట్ సంగతి వరకు సవరణ. పారిస్‌లో 2025 జనవరి నుంచి జోన్ల లెక్క ఎత్తేశారు. మెట్రోకూ, శివార్లకు వెళ్లే ఆర్‌ఈఆర్ రైళ్లకూ ఆ ప్రాంతమంతా ఒకటే ధర, మొదట 2.50 యూరోలు, ఇప్పుడు దానికి కొద్దిగా పైన. విమానాశ్రయాలకు మాత్రం వేరే టికెట్. కాబట్టి శివార్లలో ఉన్నా టికెట్‌కి అదనం ఏమీ పడదు, పోయేది సమయం. రోజుకి గంటంబావు రైల్లోనే అయిపోతుంది. మధ్యాహ్నం గదికొచ్చి కాసేపు నడుం వాల్చి మళ్లీ బయల్దేరదాం అనుకునేవాళ్లకి శివారు కుదరదు. ఉదయం వెళ్లి రాత్రికే తిరిగొచ్చేవాళ్లకి ఇబ్బంది లేదు.

పెట్టేబేడా:
కందిపొడి గారూ, వంటిల్లు ఉంటుందని ఎవరు చెప్పారు? పెద్ద గొలుసు హాస్టళ్లలో చాలావాటికి అతిథులు వండుకునే వంటిల్లే ఉండదు. కింద సొంత బార్, కెఫే నడుస్తుంటాయి, అవి అమ్ముడుపోవాలి కదా. బుకింగ్ పేజీలో "వంటిల్లు" అని ఉంటే సరిపోదు, ఫొటోలో పొయ్యి కనిపించాలి. కొన్నిచోట్ల వంటిల్లంటే ఒక మైక్రోవేవ్, ఒక సింకు, అంతే.

కందిపొడి:
నిజమే, చూసుకునే బుక్ చేయాలి. పొయ్యి ఉన్నచోట ఎలా నెట్టుకురావాలో కూడా చెప్తాను, ఎందుకంటే మనవాళ్లు ఇక్కడే తడబడతారు.

పొయ్యి ఎక్కువగా ఇండక్షనో, గాజు పలక కింద వేడెక్కే కరెంటు పొయ్యో ఉంటుంది. ఇండక్షన్ మీద ఇంటి నుంచి తెచ్చిన అల్యూమినియం గిన్నె వేడెక్కదు. అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలు గిన్నె కావాలి. కుక్కర్ మీద ఆశ పెట్టుకోకండి. ఇద్దరికి ఓ గ్లాసు బియ్యం కడిగి, రెండు గ్లాసుల నీళ్లు పోసి, పొంగు వచ్చాక మంట బాగా తగ్గించి మూతపెట్టి పన్నెండు నిమిషాలు, దించి ఇంకో పది నిమిషాలు. మూత మధ్యలో తీయొద్దు.

అసలు గండం తాలింపు. నూనె కాగి పొగ లేచి, ఎండుమిరపకాయ మాడితే పైన పొగ డిటెక్టర్ మోగుతుంది. కొన్ని హాస్టళ్లలో ఆ అలారం భవనం మొత్తానికీ ఒకటే, అందర్నీ రోడ్డు మీదకి పంపిస్తారు, ఆ పైన జరిమానా. చిమ్నీ ముందే వేయండి, నూనె ఓ మోస్తరుగా వేడెక్కగానే ఆవాలు వేసి మూతపెట్టండి, మిరపకాయ పొయ్యి ఆపాక వేయండి. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా పొయ్యి దొరకదు, ఆరింటికే వండేసుకోండి. ఫ్రిజ్‌లో పెట్టే ప్రతి డబ్బా మీదా పేరు, ఖాళీ చేసే తేదీ రాయాలి, లేకపోతే శుభ్రం చేసేటప్పుడు పారేస్తారు.

జర్మనీలో ఆదివారం సూపర్ మార్కెట్లు మూత. శనివారమే కొనిపెట్టుకోవాలి. పెద్ద స్టేషన్లలో కొట్లు తెరిచే ఉంటాయి కానీ ధర ఎక్కువ.

ఉల్లిగారె:
సరుకుల మాట వచ్చింది కాబట్టి: ఈయూ (యూరోపియన్ యూనియన్) బయటి నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేకూడదు. అంటే గోంగూర మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా ఏవీ కుదరవు. పచ్చి కరివేపాకు కూడా కుదరదు, ఆకులకూ మొక్కలకూ ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. ఆవకాయ, నెయ్యి తగలని పొడులు, చింతపండు పులిహోర పేస్టు తీసుకెళ్లొచ్చు. ఆవకాయ చెక్ ఇన్ సామానులోనే పెట్టండి. చేతి సంచిలో అయితే ఆ నూనెని ద్రవం కింద లెక్కేసి ఆపేస్తారు.

రెండోప్లాట్‌ఫాం:
చూశారా, విహారానికని వెళ్లి సాయంత్రం ఆరింటికి అన్నం వండుకోవడం! హోటల్ వాళ్లేమీ పస్తులుండరు. సూపర్ మార్కెట్‌లో రొట్టె, పెరుగు, పళ్లు, సలాడ్ డబ్బా కొంటే పూటకి మనిషికి 5–6 యూరోలు. ఒక పూట అది, ఒక పూట బయట. కందిపొడి గారు చెప్పే 200లో సగం అక్కడే మిగులుతుంది.

కందిపొడి:
చల్లటి రొట్టె మూడో రోజుకి మొహం మొత్తుతుంది. నాలుగో రోజు అందరూ ఇండియన్ రెస్టారెంటే వెతుక్కుంటారు. అక్కడ ఒక్క భోజనానికి మీ పొదుపంతా పోతుంది.

పెట్టేబేడా:
డబ్బు పక్కన పెట్టి సామాను సంగతి చూడండి. మనవాళ్లు తెచ్చేది 23 కిలోల పెద్ద సూట్‌కేసు. డార్మ్ లాకర్ బ్యాక్‌ప్యాక్ కోసం చేసింది, అందులో సూట్‌కేసు సగం కూడా పట్టదు. మంచం కింద తోస్తే తాళం ఉండదు. పాస్‌పోర్టు, కార్డులు ఒంటి మీదే పెట్టుకుని పడుకోవాలి.

పై బెర్త్‌కి ఇనుప నిచ్చెన, కొన్నిచోట్ల నాలుగే మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అర్ధరాత్రి రెండుసార్లు దిగాలంటే నరకం. కింది బెర్త్ కావాలని బుక్ చేసిన రోజే మెయిల్ పెట్టాలి, వాళ్లు ఖాయం చేయరు, ప్రయత్నిస్తాం అంటారు. చాలా హాస్టళ్లు డార్మ్‌లో 18 ఏళ్ల లోపు పిల్లల్ని తీసుకోవు. కొన్ని పై వయసుకీ హద్దు పెడతాయి, 35 అనో 40 అనో నిబంధనల్లో అడుగున ఎక్కడో రాసి ఉంటుంది. అది చదవకుండా డబ్బు కట్టి, గుమ్మం దగ్గర వెనక్కి తిరగాల్సి వస్తే వాపసు కూడా రాదు.

ట్రామ్‌లైన్:
సామాను విషయంలో చవక హోటళ్లూ తక్కువేం తినలేదు. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్‌ల పాత భవనాల్లో లిఫ్ట్ ఉండదు. ఆమ్‌స్టర్‌డామ్ మెట్లయితే దాదాపు నిచ్చెనే, ఆ 23 కిలోలు మూడో అంతస్తుకి మోయాలి. గది పది చదరపు మీటర్లుంటే రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరవలేరు. హోటల్‌ఎఫ్1 లాంటి బాగా చవక గొలుసులో షవర్, టాయిలెట్ గది బయటే. కొన్ని చవక గదులకు కిటికీ కూడా ఉండదు. ఎండాకాలం వెళ్తే ఏసీ ఉందో లేదో విడిగా చూడాలి, ఉంటుందని అనుకోవద్దు.

గది ఇద్దరికంటే ఇద్దరికే. మన దగ్గరలాగా ఇంకో పరుపు వేయించుకుని నలుగురు సర్దుకోవడం కుదరదు, అగ్నిప్రమాద నిబంధనల పేరు చెప్పి ఆపేస్తారు. పిల్లల్ని, వాళ్ల వయసుతో సహా, బుకింగ్‌లోనే చూపించాలి.

రెండోప్లాట్‌ఫాం:
సిటీ ట్యాక్స్ మర్చిపోయాం, అదే బస మీద ఊరు వేసే పన్ను. ఇది హాస్టల్‌కి ఎదురుదెబ్బ అని నా ఉద్దేశం.

ట్రామ్‌లైన్:
ఊరిని బట్టి. ప్రాగ్‌లో మనిషికి రాత్రికి 50 క్రౌన్లు (చెక్ కరెన్సీ), 18 లోపు పిల్లలకి లేదు. ఇలా తలకింత అని ఉన్నచోట చవక బెడ్‌కే భారం ఎక్కువ: 500 క్రౌన్ల బెడ్‌కి పదో వంతు అదనం, 2000 గదిలో ఇద్దరికి కలిపి ఇరవయ్యో వంతు. శాతం లెక్కన వసూలు చేసే ఊళ్లలో ఆ తేడా ఉండదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2024 నుంచి 12.5 శాతం, బెర్లిన్‌లో 2025 నుంచి 7.5 శాతం. రెండు బుకింగులు పోల్చేటప్పుడు "పన్నులతో కలిపి" వచ్చే ఆఖరి అంకెనే చూడండి. కొన్ని సైట్లు ట్యాక్స్‌ను చివరి పేజీలో, లేదా "అక్కడ కట్టాలి" అని చిన్న అక్షరాల్లో చూపిస్తాయి.

ఉల్లిగారె:
వీసా గురించి ఎవరూ మాట్లాడలేదు. షెంగెన్‌కి (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా) ప్రతి రాత్రికీ బస చూపించాలి, హాస్టల్ అయినా చెల్లుతుంది. కానీ డార్మ్‌లో రెండు బెడ్లు బుక్ చేస్తే కాగితం మీద ఒక్కరి పేరే వస్తుంది. రెండోవారి పేరు కూడా చేర్చిన కన్ఫర్మేషన్ మెయిల్‌లో అడిగి తెప్పించుకోండి. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, తిరస్కరిస్తే వాపసు లేదు. అందుకే వీసా చేతికొచ్చేదాకా ఉచితంగా రద్దు చేసుకునే బుకింగులే పెట్టుకోండి. చవక ధర చూసి వాపసు రాని హాస్టల్ బెడ్ కొంటే ఆ డబ్బూ పోతుంది.

ఇంకో మెలిక. ఆర్‌బీఐ 2020 నిబంధన ప్రకారం మన కార్డుల్లో విదేశీ లావాదేవీలు మనం ఆన్ చేస్తేనే పనిచేస్తాయి. అది ఆఫ్‌లో ఉన్నప్పుడు హోటల్ వాడు కార్డు పరీక్షిస్తే ఫెయిల్ అవుతుంది, ఒకట్రెండు రోజుల గడువిచ్చి బుకింగ్ రద్దు చేస్తాడు. వీసా ఫైలులో పెట్టిన కాగితం చెల్లకుండా పోయిన సంగతి మనకి తెలియను కూడా తెలియదు. బుక్ చేసేముందు బ్యాంకు యాప్‌లో ఆ మీట తిప్పి, పరిమితి కూడా పెంచండి. చెక్ ఇన్‌లో డిపాజిట్‌కి ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ డబ్బు నింపుకున్న కార్డు) ఇవ్వొద్దు, పట్టి ఉంచిన మొత్తం తిరిగి విడుదల కావడానికి వారాలు పట్టొచ్చు. క్రెడిట్ కార్డు ఇవ్వండి.

పెట్టేబేడా:
బాగా చెప్పారు. ఇది రెండింటికీ వర్తిస్తుంది.

కందిపొడి:
మరి స్విట్జర్లాండ్‌లో మీ హోటల్ వాదం నిలబడుతుందా? అక్కడి యూత్ హాస్టళ్ల ధరలో బ్రేక్‌ఫస్ట్, దుప్పట్లు కలిసే ఉంటాయి. ఇంటర్‌లాకెన్ యూత్ హాస్టల్ ఓస్ట్ స్టేషన్ పక్కనే, పెట్టె దొర్లించుకుంటూ వెళ్లిపోవచ్చు. ఇద్దరికి రెండు బెడ్లు తీసుకున్నా మామూలు హోటల్ గది కంటే తగ్గుతుంది. ఫ్యామిలీ గదులూ ఉంటాయి, అవి ముందే అయిపోతాయి. యూత్ హాస్టళ్ల సంఘంలో సభ్యత్వం లేకపోతే రాత్రికి కొంత అదనం పడుతుంది, అది కలిపినా గిట్టుబాటే.

రెండోప్లాట్‌ఫాం:
స్విస్ వరకు ఒప్పుకుంటాను. బాజెల్, బెర్న్, జెనీవాల్లో బస చేసినవాళ్లకి లోకల్ బస్సులు, ట్రామ్‌లు ఉచితమయ్యే కార్డు హాస్టల్‌లోనూ ఇస్తారు, హోటల్లోనూ ఇస్తారు. కాబట్టి అక్కడ తేడా గది ధరలోనే.

కానీ వెనిస్ చూడండి. ద్వీపం మీద డార్మ్ బెడ్ ధరకి, ఇవతలి గట్టున ఉన్న మెస్త్రేలో ఇద్దరి గదిలో తలా వాటా వస్తుంది. మెస్త్రే నుంచి ద్వీపం మీది శాంటా లూచియా స్టేషన్‌కి రైల్లో పది నిమిషాలు, టికెట్ రెండు యూరోల లోపు. పక్క ద్వీపం జూదెక్కాలో హాస్టల్ తీసుకుంటే ఊళ్లోకి రావాలంటే వాపోరెట్టో (నీటి బస్సు) ఎక్కాల్సిందే, ఒక్క టికెట్ 9.50. పోనూ రానూ ఇద్దరికి 38.

కందిపొడి:
జూదెక్కాలో ఉండేవాళ్లు విడి టికెట్లు కొనరు, రోజుల పాస్ తీసుకుంటారు. మెస్త్రేలో ఉంటే పొద్దున ఆరింటికి ఖాళీ వెనిస్ చూడటం, రాత్రి పదకొండు దాటాక నింపాదిగా నడవడం రెండూ పోతాయి. ఆ టైమ్‌లో మెస్త్రే రైళ్లు పలచబడతాయి.

ట్రామ్‌లైన్:
రైలు తప్పితే వెనిస్‌లో బస్సులు ఆగే పియాజాలే రోమా నుంచి మెస్త్రేకి రాత్రి బస్సులున్నాయి. మెస్త్రేలో దిగేవాళ్లకి ఒక మాట: వసంతం నుంచి జులై దాకా ఎంచుకున్న కొన్ని రోజుల్లో పగటి సందర్శకులు వెనిస్‌లోకి రావడానికి 5 లేదా 10 యూరోలు కట్టాలి. మెస్త్రే కూడా వెనిస్ మున్సిపాలిటీ కిందిదే కాబట్టి అక్కడ రాత్రి బస చేసేవాళ్లకి ఆ రుసుము లేదు. అయితే మినహాయింపు కోడ్ వెబ్‌సైట్‌లో ముందే తీసుకోవాలి. అది ఫోన్‌లో లేకుండా స్టేషన్ బయట తనిఖీకి దొరికితే వాదించి లాభం లేదు.

పెట్టేబేడా:
వెనిస్ దగ్గరి ఊరు పాదువాలో దిగితే?

ట్రామ్‌లైన్:
పాదువా వేరే మున్సిపాలిటీ. ఆ తేదీల్లో అయితే కట్టాల్సిందే.