అప్‌డేట్: రాడార్ వేగం ఎందుకు తగ్గిందో తెలిసింది

ధ్రువ అయనావరణంలో (ధ్రువాల మీది వాతావరణపు విద్యుదావేశిత పై పొరలో) ఒకే చోట అమెరికా సైనిక వాతావరణ ఉపగ్రహం డీఎంఎస్‌పీ చూపే ప్లాస్మా (విద్యుదావేశిత వాయువు) వేగం కంటే నేల మీది సూపర్‌డార్న్ రాడార్ చూపేది ఎందుకు తక్కువగా ఉంటోందని ఇంతకు ముందు అడిగాను. ఓపికగా జవాబులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

రాడార్‌లో లోపమేమీ లేదు. రాడార్ తరంగం వెనుదిరిగే చోట వక్రీభవన గుణకం (శూన్యంలో కాంతి వేగానికి, అక్కడి తరంగ వేగానికి ఉన్న నిష్పత్తి) 1 కంటే తక్కువ. నేను దాన్ని 1గానే తీసుకుని డాప్లర్ మార్పు (ప్లాస్మా కదలిక వల్ల తిరిగొచ్చే తరంగ పౌనఃపున్యంలో వచ్చే తేడా) నుంచి ప్లాస్మా వేగాన్ని లెక్కగట్టేశాను. రాడార్ పౌనఃపున్యం 10 మెగాహెర్ట్జ్, అక్కడి ప్లాస్మా పౌనఃపున్యం (ఎలక్ట్రాన్ల సాంద్రతను బట్టి ఉండేది) 6 అనుకుందాం. గుణకం 0.8 వస్తుంది. అంటే సెకనుకు 400 మీటర్లని కనిపించేది నిజానికి 500! ఇంత తేడా ఒక్క గుణకంలోనే దాగి ఉందని చూసినప్పుడు కలిగిన ఆనందం చెప్పలేను.

ఎత్తు సంగతి కూడా మీరే గుర్తుచేశారు. ఉపగ్రహం సుమారు 840 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. అక్కడ కొలిచిన ప్లాస్మా వేగాన్ని భూ అయస్కాంత క్షేత్రరేఖల వెంట రాడార్ చూసే 300 కిలోమీటర్ల ఎత్తుకు దించి లెక్కిస్తే దాదాపు 11 శాతం తగ్గుతుంది. అక్కడ 562 ఉంటే ఇక్కడ 500.

ఒక జాగ్రత్త: గుణకం కోసం ఉపగ్రహం కొలిచిన సాంద్రతనే వాడకండి, నేను మొదట అదే చేశాను. అంత ఎత్తులో ఎలక్ట్రాన్లు బాగా పలచబడతాయి కాబట్టి గుణకం మళ్లీ 1కి దగ్గరగానే వస్తుంది. ఇప్పుడు తిరిగొచ్చే తరంగం నేలతో చేసే కోణం నుంచి గుణకాన్ని అంచనా వేస్తున్నాను. రెండూ ఒకే దిశలోని వేగాన్ని చూపేలా, రాడార్ పుంజం ఉపగ్రహ మార్గానికి దాదాపు లంబంగా ఉన్న సందర్భాలనే పోలుస్తున్నాను.