డీజిల్ సబ్సిడీ ఎత్తేయడం సరైన పనేనా? బెంగళూరు క్యాబ్ డ్రైవర్లు ఏమంటారు?

వైట్‌ఫీల్డ్ వాసి:
నా దృష్టిలో సరైన పనే. డీజిల్ చౌకగా ఇచ్చినన్నాళ్లూ లారీలకు, రైతులకే కాదు, ఇరవై లక్షల ఎస్‌యూవీల్లో తిరిగేవాళ్లకూ ప్రభుత్వ సొమ్ము పోయింది. 2013 జనవరి నుంచి నెలకు 50 పైసల లెక్కన పెంచుకుంటూ వచ్చి, 2014 అక్టోబరులో రేటును మార్కెట్‌కు వదిలేశారు. డ్రైవర్లు ఇంకా పాత సబ్సిడీ గురించే ఎందుకు అడుగుతున్నారో అర్థం కాదు.

హిందూపురం డ్రైవర్:
అన్నా, పాత సబ్సిడీ తెచ్చిపెట్టమని నేను అడగడం లేదు. మార్కెట్‌తో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది అన్నారు, సరే అనుకున్నాం. మరి క్రూడ్ ఆయిల్ (ముడి చమురు) రేటు పడిపోయినప్పుడు ఏం చేశారు? 2014 నవంబరు నుంచి 2016 జనవరి లోపల కేంద్రం ఎక్సైజ్ పన్ను తొమ్మిదిసార్లు పెంచింది. 2020 మే నెలలో, కరోనాతో మా బళ్లన్నీ ఇంటి ముందు దుమ్ము పట్టి ఉన్నప్పుడు, డీజిల్ మీద ఒకేసారి లీటరుకు 13 రూపాయలు వేశారు. ఆ రోజు బంకులో రేటు పెరగలేదు, నిజమే, కానీ తగ్గాల్సింది తగ్గలేదు, ఆ తర్వాత క్రూడ్ పైకి లేచినప్పుడు ఆ పెరిగింది మాత్రం పైసాతో సహా మా దగ్గరే వసూలు చేశారు. సబ్సిడీ తీసేయడం కంటే నాకు ఇదే ఎక్కువ బాధ.

ఇక మన బెంగళూరు సంగతి. 2024 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం పది లక్షల లోపు కారుకు మొదటి 4 కిలోమీటర్లకు 100 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 24 అని క్యాబ్ రేటు కట్టింది. అదే ఏడాది జూన్‌లో సేల్స్ ట్యాక్స్ పెంచితే డీజిల్ దాదాపు మూడు రూపాయలు ఎక్కింది, 2025 ఏప్రిల్ 1న ఇంకో 2 రూపాయలు. రెండుసార్లూ క్యాబ్ రేటు కదల్లేదు. సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడ్డ బండి గజం కదలకుండానే డీజిల్ తాగుతుంది. ఎయిర్‌పోర్ట్‌లో దించాక రిటర్న్ దొరక్కపోతే హెబ్బాళ దాకా ఖాళీగానే రావాలి, ఆ కిలోమీటర్లకు ఎవరూ డబ్బులివ్వరు. వెనక కూర్చున్నవాళ్లకు యాప్‌లో ఒక అంకె కనబడుతుంది, అందులో కమిషన్ పోగా, డీజిల్ పోగా, ఈఎంఐ పోగా ఇంటికి వచ్చేదెంతో వాళ్లకు తెలిసే దారే లేదు.

కోరమంగళ లక్ష్మి:
పెంచినవే చెబుతున్నారు. 2021 నవంబరులో డీజిల్ ఎక్సైజ్ 10 రూపాయలు, 2022 మేలో 6 రూపాయలు తగ్గించారు కదా, 2024 మార్చిలో ఆయిల్ కంపెనీలు కూడా 2 తగ్గించాయి. పైగా ట్యాక్స్ రాకపోతే ఆడవాళ్లకు ఉచిత బస్సు ఇచ్చే శక్తి లాంటి పథకాలకు డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు? ఆంధ్రాలో డ్రైవర్లకు 15,000 నేరుగా ఇచ్చారు, అదే మంచి పద్ధతి.

హిందూపురం డ్రైవర్:
తగ్గించారు అక్కా, కాదనను. కానీ లెక్క చూడండి. 2020 మార్చిలో 3, మేలో 13, మొత్తం 16 ఎక్కించారు. మీరు చెప్పిన 10, 6 కలిపితే అదే 16. అంటే వేసింది తీశారంతే, అదీ రెండేళ్లు వసూలు చేసుకున్నాక. కంపెనీలు తగ్గించిన 2 రూపాయలు మూడు నెలలకే రాష్ట్రం ట్యాక్స్‌లో కలిసిపోయాయి.

శక్తి బస్సును నేను ఒక్క మాట అనను. మా ఆవిడ బొమ్మనహళ్లి గార్మెంట్స్‌కు అందులోనే వెళ్తుంది. ఆంధ్రా ఇచ్చిన 15,000 అక్కడి బండి, అక్కడి లైసెన్స్ ఉన్నవాళ్లకు, కేఏ నంబరు బండి నడిపే నాలాంటివాళ్లకు రాదు. వచ్చినా ఏడాదికి ఒకసారి ఇచ్చే డబ్బు వేరు, రోజూ ట్యాంకులో పోసేది వేరు.

నేను అడిగేది రెండే. డీజిల్ రేటు మారినప్పుడల్లా క్యాబ్ రేటు దానంతట అదే మారాలి, తగ్గితే తగ్గనివ్వండి, ప్యాసింజర్‌కే లాభం. రెండోది, గ్యాస్ సబ్సిడీ బ్యాంకు ఖాతాలో వేయడం చేతనైనప్పుడు, ఎల్లో బోర్డు (ట్యాక్సీ) బండి కొన్న డీజిల్ మీద సేల్స్ ట్యాక్స్‌లో కొంత వెనక్కి వేయడం ఎందుకు చేతకాదు? ఏది ట్యాక్సీ, ఏది సొంత కారు అన్నది రవాణా శాఖకు తెలియని విషయమా? వైట్‌ఫీల్డ్ అన్నా, ఇందులో ఎస్‌యూవీ వాళ్లకు పోయేది ఎక్కడుందో మీరే చెప్పండి.